నాగలికో మాట

మా ముత్తాతగారు అయిదూళ్ల పెద్ద. ఆయన తరవాత మా తాతగారు, తాతగారి తరవాత మా నాన్నగారు అయిదూళ్ల పెద్దలు. ఇది ఏ నవాబూ రాసిచ్చిన సన్నదు కాదు, ఏ దొరా కట్టిన పట్టం కాదు. కొత్తపేటకి తూర్పున గౌతమి ఒడ్డు వెంబడి ఉన్న అయిదు ఊళ్ల రైతులు మూడేళ్లకోసారి తమంత తాము ఎంచుకుంటే వచ్చిన పెద్దరికం. ఓడిపోయే వీలున్న పెద్దరికం కాబట్టే మాకు దానిమీద అంత గర్వం. వంశం వల్ల వచ్చిన పెద్దరికంతో నడుం వంచకుండా నిలబడటం ఎవరికైనా చేతనవుతుంది.

ఈ ముక్క నేను ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి కారణం మా ఆవిడ మేనల్లుడు. అమలాపురంలో వకీలు. కిందటి వారం కాలవలో పడవ దిగి, అల్లిక జరీ కండువా వేసుకుని, మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నాడు. సర్కారువారు తాలూకా బోర్డు అని ఒకటి పెడుతున్నారట, దానికి సభ్యుల్ని జనమే ఎన్నుకుంటారట, అందులో అతను నిలబడుతున్నాడట. ఆశీర్వాదానికి వచ్చాడు.

"మన దేశంలో జనం తమ మనిషిని తామే ఎంచుకోవడం ఇదే మొదలండీ, మావయ్యగారూ," అన్నాడు.

"అలాగా," అన్నాను.

"ఆయ్. తమకిది కొత్తగా ఉంటుంది. ఎన్నికంటే ఏంటో ముందు జనానికి నేర్పాలండి. అదే పెద్ద పని."

"నేర్చుకుంటాంలే. నా మాట ఎవరికి చెప్పమంటావు?"

కుర్రవాడు కండువా సర్దుకున్నాడు. మజ్జిగ చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అదేనండి... శిస్తు ఇంత కట్టేవాళ్లకే మాట అని పెట్టేరండి. తమరు ఇప్పుడు కట్టేది అంత లేదు గదండీ. తమరి ఆశీర్వాదం ఉంటే చాలండి."

ఆశీర్వదించాను. ఇంటికొచ్చినవాడిని ఆశీర్వదించకుండా పంపే ఇల్లు కాదు మాది. అతను వెళ్లాక ఒళ్లు మండి రెండు పూటలు అన్నం సహించలేదు. మాట లేదన్నందుకు కాదు. ఇదే మొదలు అన్నందుకు. ఈ నేల మీద ఎన్నిక మా ముత్తాతగారి నాటికే పాతబడింది. అది ఎలా నడిచిందో, ఎలా అంతమైందో చెప్పగలిగినవాళ్లు ఇక ఎక్కువమంది లేరు. ఆ వకీలు చదివిన పుస్తకాల్లో అది లేదు కాబట్టి నేను చెబుతాను.

గోదావరి ఒడ్డున పుట్టనివాళ్లకి లంక సంగతి తెలియదు. ఏటా వరద వస్తుంది, పోతుంది. పోతూ పోతూ నది మధ్యలో మేట వేసిపోతుంది, అదే లంక. నిరుడు ఇక్కడున్న లంక ఈ ఏడు కోసుకుపోయి అక్కడ తేలుతుంది. కొత్త ఒండ్రు నేల, ఎరువు అక్కర్లేదు, పొగాకు వేస్తే ఏనుగు చెవులంత ఆకు. కాని నిరుటి హద్దులేవీ దాని మీద ఉండవు. కార్తీకంలో నీరు తీయగానే ఆ నేలని అయిదూళ్లవాళ్లూ మళ్లీ కొత్తగా పంచుకోవాలి. మా ముత్తాతగారి తండ్రి నాటికి ఆ పంపకం కర్రలతో జరిగేది. తలలు పగిలి పగిలి, చివరికి నేల కొలిచే తాడు ఒక మనిషి చేతిలో పెడదామని ఊళ్లన్నీ ఒప్పుకున్నాయి. ఏ ఊరివాడు అన్న దగ్గర మళ్లీ పేచీ. అప్పుడు ఎవరికి తోచిందో గాని, ఏరువాక పున్నమి నాడు తేల్చుకుందామన్నారు.

పద్ధతి ఇది. మా ఇంటి దక్షిణాన ఉన్న మెరక చేను మధ్యలో, పెద్దరికం కోరేవాళ్లు తలా ఒక సాలు దున్నాలి. తరవాత రైతులు తమ నాగళ్లు తోలుకొచ్చి, ఎవరి మీద నమ్మకముందో వాళ్ల సాలు వెనక వరసగా నిలబెట్టాలి. ఎవరి వెనక నాగళ్లు ఎక్కువైతే కొలతాడు వాళ్లది. నాగలికో మాట. దాపరికం లేదు, చాటు లేదు. అన్న ఒకవైపు, తమ్ముడు మరోవైపు నిలబడి, సాయంత్రం ఒకే కంచం దగ్గర కూర్చున్న ఇళ్లు నాకు తెలుసు. మాట్లాడుకోకుండా తినేవారనుకోండి.

పేచీలు లేకపోలేదు. మా తాతగారి మీద ఒకసారి పక్క ఊరి ఆసామీ నిలబడి, ఎడ్లు చాలక దున్నపోతుల్ని కట్టించాడు. దున్నపోతు నాగలి నాగలేనా అని పొద్దు తిరిగేదాకా వాదించుకున్నారు. దమ్ములో దిగేది దున్నపోతే కదా, అది దున్నిన చేలో అన్నం తినడం లేదా అని మా తాతగారే ఒప్పుకున్నారు, ఒప్పుకునీ గెలిచారు. ఆ ఆసామీ ఊరుకున్నాడా? మూడేళ్లు తిరిగాక గౌతమి అవతలి నుంచి చుట్టాల ఎడ్లని పడవల మీద దింపాడు. పడవలవాళ్లకి అయిదూళ్లలో నాగలి లేదు కాబట్టి మాట లేదు. వాళ్లు రేవులో కూర్చుని, "మేం మోసిన ఎడ్లకి మాటుందండి, మాకు లేదండి, ఆయ్," అని నవ్వుకునేవారట. ఆ నవ్వు సబబే. అది ఆ పద్ధతిలో ఉన్న లోటు, నేను కప్పిపుచ్చను.

ఆ పడవల ఎడ్ల మీద తగువు వచ్చినప్పుడే మా తాతగారు ఒక కట్టుబాటు చేశారు. ఎడ్లు ఎవరివో చూడొద్దు, ఎక్కడివో చూడొద్దు. అయిదూళ్లలో పొయ్యి ముట్టించే ఇంటివాళ్ల చెయ్యి నాగలి పిడి మీద, అంటే మేడి మీద ఉంటే ఆ నాగలి లెక్క. మేడి పట్టినవాళ్లదే మాట. ఆ మాట అనగానే గుంపులోంచి, మొగుడు పోయి సేద్యం తానే చేయించుకుంటున్న ఒక ముసలామె వచ్చి, తన నాగలి మేడి మీద చెయ్యి వేసి నిలబడింది. జనం గొల్లుమన్నారు. తాతగారు నవ్వలేదు. "మేడి మీద చెయ్యుందా లేదా? అయితే లెక్కెట్టండి," అన్నారు. ఆవిడ నిలబడింది తాతగారికి ఎదటి వైపున. మా వకీలుగారి బోర్డులో ఆడవాళ్లకి మాట ఉందేమో అడగాలనుకున్నాను. నాకే మాట లేనిచోట అది అడిగితే సిగ్గు అని ఊరుకున్నాను.

ఇక మా నాన్నగారి సంగతి. ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి, కాలవలు తవ్వుతున్న రోజులవి. నాకు పెళ్లై రెండేళ్లయింది, నాన్నగారి పక్కన రెండో నాగలి నాదే. కాలవలతో పాటు సర్కారువారి కచేరీ కూడా మా దాకా వచ్చింది. లంకలన్నీ కుంఫిణీవారివే, వేలం వేస్తాం అని శిస్తు అమీనులు అనడం మొదలెట్టారు. నాన్నగారు వినలేదు. నది ఇచ్చినదాన్ని కుంఫిణీ ఎలా అమ్ముతుంది అన్నారు. పిలిస్తే వెళ్లలేదు. కచేరీ మెట్ల దగ్గర చెప్పులు విప్పి చేత పట్టుకుని నిలబడాలి. ఆయన విప్పరు.

దాని ముందు ఏడాదే పశువుల జాడ్యం వచ్చి అయిదూళ్లలో కొట్టాలు ఖాళీ అయ్యాయి. మా మంద మెరక దిబ్బ మీద విడిగా ఉండటం వల్ల నిలిచింది. నాన్నగారు ఎడ్లు పోయిన ప్రతి ఇంటికీ ఒక జత తోలించారు. బాడుగ లేదు, గడువు లేదు. మైల రంగు జత పడమటి వీధి రైతుకి వెళ్లింది, నల్ల కర్రి జత రేవు పక్కింటికి, కొమ్ములు వంకర తిరిగిన పుల్లెద్దు జత ఇంకొకరికి. మా కొట్టంలో చివరికి మూడు జతలు మిగిలాయి. మా అమ్మ కుడితి తొట్టెల్లో సగం బోర్లించి పెట్టింది.

ఆ ఏడు ఏరువాకకి నాన్నగారి మీద నిలబడ్డది మా మేనమామ. అమ్మకి అన్నగారు, నాకు పిల్లనిచ్చిన మామగారు, ఇప్పుడొచ్చిన వకీలుకి తాత. మంచి మాటకారి. ఇంటింటికీ తిరిగి ఆయన చెప్పింది ఒకటే మాట. "బావ దేవుడండి, కాదన్నానా? కాని దేవుడు కచేరీకి వెళ్లడు. బావ చెప్పులు విప్పడు, నేను విప్పుతాను. లంక నిలబడుతుంది." ఈ మాటలో సత్తా లేదని నేను అనను. అనలేకపోవడమే నా కోపంలో సగం.

ఏరువాకకి వారం ముందు కరణంగారు మా అరుగు మీదకి వచ్చారు. నాన్నగారంటే ప్రాణం ఆయనకి.

"ఎడ్లని ఓ పదిరోజులు వెనక్కి తోలించండి," అన్నారు. "మందు పట్టించాలనండి, వాతలు వెయ్యాలనండి. ఏరువాక కాగానే మళ్లీ ఇద్దురుగాని. నాగలి లేకపోతే అటు నిలబడేవాడు కూడా నిలబడలేడు గదా."

"అటెందుకు నిలబడతారు?" అన్నారు నాన్నగారు.

"నిలబడరనే అనుకుందాం. అయినా..."

"కరణంగారూ, ఇచ్చిన ఎడ్లని ఏరువాక ముందు విప్పుకొచ్చేవాడికి పెద్దరికం ఎందుకండి? తాడు తీసుకెళ్లి ఉరేసుకోవడానికా?"

నేను కరణంగారి పక్షం. ఆ రోజు అన్నాను, ఇప్పుడూ అంటాను. నాన్నగారు నావైపు చూసి, "నీకు పెద్దరికం కావాలా, మీ నాన్న కావాలా?" అన్నారు.

ఏరువాక పొద్దున ముసురు పట్టి ఉంది. ఎడ్ల కొమ్ములకి పసుపు, మెడల్లో గంటలు. నాన్నగారు ఒక సాలు, మావయ్య ఒక సాలు దున్నారు. నాన్నగారి సాలు చూసి తీరాలి, తాడు పట్టి గీసినట్టుండేది. మావయ్యది పాము పాకినట్టు. జనం నవ్వారు, మావయ్య కూడా నవ్వాడు. తరవాత నాగళ్లు కదిలాయి. మైల జత గంట చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. అది మా వైపు వస్తోందనుకున్నాను. మధ్యలో ఆగి, అటు తిరిగింది. దాని వెనక కర్రి జత. ఆ వెనక పుల్లెద్దు జత. ఒక్కొక్కటే మా కొట్టంలో పుట్టిన ఎడ్లు, మా అమ్మ చేతి కుడితి తాగిన ఎడ్లు, మావయ్య వంకర సాలు వెనక వరస కట్టాయి. మేడి పట్టినవాళ్లలో ఒక్కడూ మావైపు తలెత్తలేదు. నేను ములుగర్ర పట్టుకుని రెండడుగులు వేశాను. నాన్నగారు కళ్లతోనే ఆపారు.

లెక్క పెడుతుండగా ఒక సంగతి జరిగింది. నాన్నగారు గట్టు మీంచి దిగి వరసల మధ్య నడుస్తుంటే పుల్లెద్దు ఆయన్ని చూసింది. తల ఎగరేసి, జోడుని ఈడ్చుకుని, నాగలితో సహా సాలు దాటి మా వైపు వచ్చేసి ఆయన భుజం నాకడం మొదలెట్టింది. మేడి పట్టిన రైతు దాని వెనకాల బురదలో జారుకుంటూ వచ్చాడు. చేను చేనంతా ఈలలు. నాన్నగారి వెనకున్నవాళ్లు, "ఇటొచ్చిన నాగలి ఇటే, లెక్కెట్టండి," అన్నారు. అవతలివాళ్లు కాదన్నారు. కొత్త పెద్ద తేలేదాకా తీర్పు పాత పెద్దదే కదా. అందరూ నాన్నగారి కేసి చూశారు.

ఆయన ఎద్దు మెడ కింద గోకి, రైతుని అడిగారు. "మేడి ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనేనండి."

"నువ్వు ఎటు?"

వాడు నేల చూశాడు. "అటండి."

"ఎద్దుకి మాట లేదు. మేడికే మాట. తిప్పుకుపో."

చివరికి లెక్క తేలితే మావయ్య వైపు ఎక్కువైనవి ఒక చేతి వేళ్లకి మించలేదు. నాన్నగారు మావయ్యని మా అరుగు దగ్గరికి తీసుకొచ్చి, లోపలికి వెళ్లి కొలతాడు తెచ్చి చేతిలో పెట్టి, "తడిస్తే కురచబడుతుంది, ఎండలో వెయ్యకుండా కొలవకు," అని చెప్పారు. మావయ్య ఏదో అనబోయాడు. వడ్లు చెరుగుతున్న చేట పక్కన పెట్టి మా అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఎడ్లు కావాలంటే నన్నే అడగాల్సింది, అన్నయ్యా," అంది. "మిగతా మూడు జతలు కూడా తోలించేదాన్ని."

లోపల మా ఆవిడ, తన తండ్రి గెలిచాడని సంతోషించాలో వద్దో తెలియక గడప పట్టుకుని నిలబడి ఉంది. "మా నాన్న గెలిచేరా అండీ?" అని అడిగింది నన్ను.

"మన ఎడ్లు గెలిచేయి," అన్నాను. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ ఆ మాట నాకు అప్పజెబుతూనే ఉంది.

మావయ్య చెప్పినంతా చేశాడు. కచేరీ మెట్ల దగ్గర చెప్పులు విప్పాడు, వంగాడు, వేచి ఉన్నాడు. రెండు కార్తీకాలు లంక అయిదూళ్లకే దక్కింది, ఆయనే తాడు పట్టి కొలిచాడు. మూడో కార్తీకానికి కచేరీలో వేలం వేశారు. ఎక్కడో రేవు పట్నం నుంచి పొగాకు షావుకారొకడు వచ్చి పాడుకుపోయాడు. మావయ్య తాడు పట్టుకుని లంకలో దిగితే, షావుకారు మనుషులు "ఎవరు నువ్వు?" అని అడిగారట. అయిదూళ్ల పెద్దనన్నాడు. అదెక్కడ రాసుందన్నారు. ఎక్కడా రాసి లేదు. ఉన్నదల్లా ఒక చేలో సాళ్లు, అవి ఆ సాయంత్రానికే వానకి చెరిగిపోయేవి. చెప్పులూ విప్పాం, లంకా పోయింది. ఆ మరుసటి ఏరువాకకి ఎవరూ నిలబడలేదు. దేని కోసం నిలబడతారు?

వేలం జరిగిన రెండో రోజున రైతులు గుంపుగా మా ఇంటికి వచ్చారు. ముందు మైల జత తీసుకున్న పడమటి వీధి రైతు. కచేరీకి తమరు ఒక్కసారి వచ్చి మాట్లాడితే అని అన్నాడు.

"మీ పెద్దని అడగండి," అన్నారు నాన్నగారు. కోపంగా కాదు. మర్యాదగా. ఆ మర్యాద కంటే చెంపదెబ్బ మేలు.

నేను ఆపుకోలేకపోయాను. "మా ఎడ్లు కట్టుకుని మా మీదే నిలబడ్డారు గదా. మేమేం తక్కువ చేశామని?"

పడమటి వీధి రైతు చాలాసేపు తలపాగా విప్పి చుట్టుకున్నాడు. "తక్కువ చేసి కాదండి. తమరిచ్చిన ఎడ్లు కట్టుకుని తమరి వెనకే నిలబడితే, ఎడ్లకి అమ్ముడుపోయేడంటారు గదండీ. నా పిల్లలు తలెత్తుకోవాలండి. మిగతా ఊరంతా తమరి వెనకే ఉంటారు, నా ఒక్కడి నాగలి అటున్నా తమరికి లోటు రాదనుకున్నానండి."

వాడి వెనకవాడు ఉలిక్కిపడినట్టు చూశాడు. "నేనూ అదే అనుకున్నానండి," అన్నాడు. పుల్లెద్దువాడు, కర్రి జతవాడు, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ నాన్నగారే గెలవాలనుకున్నారు. తాము మాత్రం అమ్ముడుపోలేదని చూపించుకోవాలనుకున్నారు. ఎవడి పరువు వాడు కాపాడుకుని, నాన్నగారిని ఓడించారు.

నాన్నగారు అడిగారు. "ఒక్కడైనా పక్కవాణ్ణి అడగలేదా, ఎటు నిలబడతావని?"

"అలా అడుగుతారాండీ?" అన్నాడు పడమటి వీధి రైతు, నిజంగా ఆశ్చర్యపోయి. "అడిగితే మర్యాదేం ఉంటుందండీ?"

నాన్నగారు నవ్వారు. ఓడిపోయిన రోజున నవ్వని మనిషి ఆ రోజు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఎడ్లని అట్టే పెట్టుకోమన్నారు. వాళ్లు వెళ్లిపోయాక నేను గొడ్డలి పట్టుకుని వెనక్కి వెళ్లి, పొయ్యిలోకి అక్కర్లేని కట్టెలన్నీ కొట్టాను. ద్రోహం చేసినవాడిని తిట్టుకుని పడుకోవచ్చు. పరువు కోసం మన కొంప ముంచినవాణ్ణి ఏమని తిట్టాలి? ఆ పరువు వాళ్లు నేర్చింది మా అరుగు ముందే కదా అని ఎవరైనా నాతో అంటే, అన్నవాడిని ఇప్పటికీ నేను క్షమించను.

నాన్నగారు తరవాత పదేళ్లున్నారు. లంక వైపు మళ్లీ పడవెక్కలేదు. ఆయన పోయిన రోజున మావయ్య కొలతాడు తీసుకొచ్చి పాడె కట్టడానికి ఇచ్చాడు. నేను వద్దనబోతే, మా అమ్మ దాన్ని అందుకుంది.

ఇప్పుడు లంకలు మూడు చోట్లు మారాయి. అప్పటి లంక ఉన్నచోట వరదల్లో లోతైన సుడి, అప్పటి సుడి ఉన్నచోట ఎవరిదో పొగాకు. గోదావరి ఇక్కడ కోసిన ఒండ్రుని ఎక్కడో ఒకచోట మేట వేసి తీరుతుంది. కాలం కోసుకుపోయింది మాత్రం ఏ ఒడ్డునా తేలదు. తేలదు గనకే అది ఎన్నడూ లేదనడానికి వకీళ్లకి వీలవుతుంది.

వెళ్లేముందు కుర్రవాణ్ణి అడిగాను, బోర్డు ఎన్నిక ఎక్కడ జరుపుతారని. తమ మెరక చేలో డేరా వేయిస్తున్నామన్నాడు. మా ఇంటి దక్షిణాన, నాగళ్లు నిలిచిన ఆ చేనే. నాన్నగారు పోయిన మూడో ఏట దాన్ని మేము అతని తండ్రికి అమ్మేశాం.